పీ0011 కోడ్ వస్తే టైమింగ్ కవర్ విప్పకముందే చేయాల్సిన పరీక్షలు

"స్కానర్ పెడితే పీ0011 చూపించింది. టైమింగ్ చైన్ కిట్ మార్చాలంటున్నారు. మార్చేయమంటారా?" ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇదే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే, షెడ్డుకు ఇలాంటి కారు వస్తే నేను ఏ వరుసలో చూస్తానో అదంతా ఒకచోట రాస్తున్నాను.

ఈ ఒక్క కోడ్ చూసి చైన్ మీద చెయ్యి వేయకండి. ముందు ఆయిల్, తర్వాత వైరింగ్, ఆపైన ఓసీవీ అనే చిన్న వాల్వు, ఆ తర్వాత ఆయిల్ ప్రెషర్. ఇవన్నీ బాగున్నాయని తేలాకే చైన్. వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే ఈ వీవీటీ ఏర్పాటంతా నడిచేది ఇంజన్ ఆయిల్ బలంతోనే కాబట్టి తప్పు కూడా ఎక్కువసార్లు అక్కడే దొరుకుతుంది.

ఇక్కడ రాసింది ఆయిల్‌తో పనిచేసే వీవీటీ ఉన్న నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్లకు. మారుతి కె-సిరీస్ వీవీటీ, హ్యుందాయ్ కప్పా వీటీవీటీ, టయోటా వీవీటీ-ఐ... పేర్లు వేరైనా లోపలి పద్ధతి దాదాపు ఒకటే. హోండా ఐ-వీటెక్‌లో కొన్ని ఇంజన్లకు వాల్వు లేచే ఎత్తు మారుతుంది. వాటి కోడ్‌లు, పరీక్షలు వేరు, ఇక్కడ కలపడం లేదు.

1. కోడ్ ఏం చెబుతోంది?

ఇన్‌టేక్ క్యామ్‌షాఫ్ట్ (గాలి లోపలికొచ్చే వాల్వులను తెరిచే కడ్డీ) చివర చైన్ పట్టే పళ్ల చక్రం లోపల ఫేజర్ ఉంటుంది. దాని గదుల్లోకి ఒకవైపు ఆయిల్ పంపితే క్యామ్ కాస్త ముందుకు తిరుగుతుంది, రెండోవైపు పంపితే వెనక్కి వస్తుంది. ఆయిల్‌ను ఎటు పంపాలో చూసేది ఆయిల్ కంట్రోల్ వాల్వు. అదే ఓసీవీ. దానికి కరెంటు ఇచ్చేది ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్.

క్యామ్ నిజంగా ఎంత తిరిగిందో క్యామ్ సెన్సార్, క్రాంక్ సెన్సార్ కలిసి చెబుతాయి. ఈసీయూ అడిగిన కోణం, వచ్చిన కోణం ఒకటి కాకపోతే కోడ్ పడుతుంది. అంటే కోడ్ "పని జరగలేదు" అని మాత్రమే చెబుతుంది. ఏ పార్టు వల్ల జరగలేదో మనమే వెతకాలి.

దగ్గరి కోడ్‌ల అర్థాలు:

- పీ0010: ఇన్‌టేక్ ఓసీవీ కరెంటు సర్క్యూట్‌లో లోపం. దీనికి ఆయిల్ మార్చి లాభం లేదు, నేరుగా 5వ అంచెకు వెళ్లండి.
- పీ0011: ఇన్‌టేక్ క్యామ్ అవసరానికి మించి ముందుకు వెళ్లి నిలిచిపోయింది, లేదా చెప్పినట్టు కదలడం లేదు.
- పీ0012: ఇన్‌టేక్ క్యామ్ వెనకబడి ఉంది.
- పీ0013, పీ0014, పీ0015: ఇవే మూడు లోపాలు, ఎగ్జాస్ట్ క్యామ్‌వి.
- పీ0016: క్రాంక్‌కూ ఇన్‌టేక్ క్యామ్‌కూ పొంతన కుదరడం లేదు. ఎగ్జాస్ట్ వైపైతే పీ0017.

పీ0020 నుంచి పీ0025 వరకూ ఉన్నవి రెండో బ్యాంక్ (రెండో సిలిండర్ల వరుస) కోడ్‌లు. వరుసగా నాలుగు సిలిండర్లున్న మన ఇంజన్లలో రెండో బ్యాంకే ఉండదు.

వీటితోపాటు పీ0340 (క్యామ్ సెన్సార్) గానీ పీ0335 (క్రాంక్ సెన్సార్) గానీ ఉంటే ముందు ఆ సెన్సార్ సంగతి తేల్చండి. కొలిచేవాడే తప్పు చెబుతుంటే మిగతా లెక్క ఏదీ నమ్మలేం.

2. దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఓబీడీ2 స్కానర్. ఈఎల్ఎం327 బ్లూటూత్ రకం కూడా సరిపోతుంది. కాకపోతే క్యామ్ కోణం లైవ్‌లో చూడాలంటే మీ కంపెనీ ప్రొఫైల్ ఉన్న యాప్ కావాలి, మామూలు ఓబీడీ లిస్టులో ఆ అంకె కనబడదు.
- డిజిటల్ మల్టీమీటర్
- 10 నంబర్ స్పానర్, చిన్న టార్క్ రెంచ్
- బ్రేక్ క్లీనర్ స్ప్రే, నూలు పోగులు రాలని గుడ్డ
- 5 యాంపియర్ ఫ్యూజు పెట్టిన రెండు జంపర్ వైర్లు
- ఓసీవీకి కొత్త ఓ-రింగ్
- కారు ఓనర్ మాన్యువల్ (ఆయిల్ గ్రేడ్ కోసం)
- ఒక నోటుపుస్తకం

వేడి ఇంజన్ మీద పని ఉంటుంది. రేడియేటర్ ఫ్యాన్ ఉన్నట్టుండి తిరుగుతుంది. వదులు చొక్కా చేతులు మడుచుకుని, ఉంగరాలు తీసి మొదలుపెట్టండి.

3. కోడ్ చెరిపే ముందు రాసుకోండి

స్కానర్ పెట్టగానే "క్లియర్" నొక్కడం చాలామందికి అలవాటు. దాంతో కోడ్‌తోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. కోడ్ పడిన క్షణంలో ఇంజన్ ఎలా ఉందో చెప్పే సాక్ష్యం అదొక్కటే.

రాసుకోవాల్సినవి:

- అన్ని కోడ్‌లు, పెండింగ్‌లో ఉన్నవి (ఇంకా లైటు వెలిగించనివి) కూడా
- అప్పటి ఆర్‌పీఎం, కారు వేగం
- కూలెంట్ వేడి
- ఇంజన్ మీద లోడ్ శాతం

తర్వాత ఓనర్‌ను కూర్చోబెట్టి అడగండి. సిగ్నల్ దగ్గర ఆగితే వణుకుతోందా? ఆగిపోతోందా? ఓవర్‌టేక్ చేసేటప్పుడు పికప్ లేదా? పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఒకటి రెండు సెకన్లు గరగరమంటోందా? చివరిసారి ఆయిల్ ఎప్పుడు, ఎక్కడ మార్పించారు? ఆ మధ్య ఇంజన్ విప్పి ఏదైనా పని చేయించారా?

పీ0011తో ఐడిలింగ్‌లో వణుకు ఉంటే క్యామ్ ముందుకెళ్లి ఇరుక్కుపోయిందని అనుమానించాలి. పీ0012తో పికప్ పడిపోతే క్యామ్ కదలనే లేదని అర్థం. కోడ్ బాగా వేడెక్కాకే పడుతుంటే ఆయిల్ పలచబడటమో, ప్రెషర్ తగ్గడమో చూడాలి.

4. ఆయిల్

కారు చదునైన చోట పెట్టి, ఇంజన్ ఆపి 5 నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ తీయండి. తక్కువుంటే పంపు గాలి పీలుస్తుంది. గుర్తు దాటి ఎక్కువ పోసినా క్రాంక్ తగిలి ఆయిల్ నురగ కడుతుంది. నురగలో బలం ఉండదు, ఫేజర్ స్థిరంగా నిలబడదు.

ఆయిల్‌ను వేళ్ల మధ్య రాసి చూడండి, వాసన చూడండి. పెట్రోల్ వాసన ఘాటుగా వస్తుంటే పలచబడినట్టే. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే కార్లలో ఇది మామూలు. ఫిల్లర్ మూత తీసి లోపలికి టార్చి వేయండి. నల్ల మడ్డి పేరుకుని కనిపిస్తే సన్నని ఆయిల్ దారుల సంగతి ఊహించుకోవచ్చు.

ఇక గ్రేడ్. దీని గురించి కాస్త గట్టిగానే చెబుతాను. మాన్యువల్‌లో 0డబ్ల్యూ-20 గానీ 5డబ్ల్యూ-30 గానీ రాసి ఉంటే అదే పోయాలి. "మన ఎండలకు పలచటి ఆయిల్ నిలవదు" అని 20డబ్ల్యూ-50 పోసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పాత కార్లకు ఆ మాట చెల్లింది. వీవీటీ ఇంజన్‌లో ఆ సన్నని దారుల్లోంచి ఆయిల్ సెకనులోపు ఫేజర్‌కు చేరాలి, చిక్కటిది చేరదు. ఈసీయూ అడుగుతుంది, క్యామ్ ఆలస్యంగా కదులుతుంది, కోడ్ పడుతుంది.

ఆయిల్ పాతదో, గ్రేడ్ తప్పో, ఏం పోశారో తెలియదో అయితే సరైన ఆయిల్, మంచి ఫిల్టర్ వేసి 150 కిలోమీటర్లు తిప్పండి. పెండింగ్ కోడ్ కూడా రాకపోతే మీ పని ఇక్కడితో అయిపోయింది.

మడ్డి ఎక్కువగా ఉన్న ఇంజన్‌లో ఫ్లష్ మాత్రం పోయకండి. ఒక్కసారిగా ఊడిన మడ్డి సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) లోని జల్లెడకు అడ్డం పడితే ఇంజన్‌కే ముప్పు. సరైన ఆయిల్‌నే 1,000, 2,000 కిలోమీటర్లకు ఒకసారి చొప్పున రెండు మూడు సార్లు మార్చండి, మెల్లగా కడుక్కుపోతుంది.

5. కనెక్టర్, కరెంటు

ఓసీవీ సాధారణంగా సిలిండర్ హెడ్ మీద, చైన్ వైపు, రెండు పిన్నుల కనెక్టర్‌తో ఉంటుంది. కనెక్టర్ తీసి లోపల చూడండి. ఆయిల్ తడి, పచ్చటి చిలుము, వంగిన పిన్ను, ఎలుక కొరికిన వైరు... వీటిలో ఏదున్నా ముందు అది బాగుచేయండి.

తర్వాత మల్టీమీటర్‌ను ఓమ్‌లలో పెట్టి వాల్వు రెండు పిన్నుల మధ్య కొలవండి. టయోటా 1జెడ్‌జెడ్ ఇంజన్‌కు 20 డిగ్రీల దగ్గర 6.9 నుంచి 7.9 ఓమ్‌లు ఉండాలి. మిగతా కంపెనీలవి కూడా ఎక్కువగా 7 నుంచి 12 మధ్యే ఉంటాయి. మీ ఇంజన్ అంకెను సర్వీస్ మాన్యువల్‌లో సరిచూసుకోండి.

ఇక్కడ చాలామంది పొరపడతారు. రాగి తీగ వేడెక్కితే దాని నిరోధం పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు 7.5 ఓమ్‌లు చూపిన కాయిల్ 90 డిగ్రీల దగ్గర 9.5 చూపిస్తుంది. అది చూసి వాల్వు పోయిందని తేల్చేయకండి, చల్లారాక కొలవండి. అసలు కొలతే రాకపోతే తీగ తెగింది, సున్నాకు దగ్గరగా వస్తే షార్ట్.

వాల్వు ఏదో ఒక పిన్నుకూ దాని లోహపు ఒంటికీ మధ్య కూడా చూడండి. అక్కడ కొలత రాకూడదు, వస్తే ఎర్త్ అయినట్టు.

ఇప్పుడు హార్నెస్ (కారు వైరింగ్) వైపు. తాళం ఆన్ చేసి కనెక్టర్‌లో వోల్టులు చూడండి. చాలా కార్లలో ఒక పిన్నుకు బ్యాటరీ కరెంటు వస్తుంది, రెండోదాన్ని ఈసీయూ ఎర్త్‌కు కలుపుతూ తెంపుతూ నడిపిస్తుంది. కొన్నింటిలో రెండు వైర్లూ ఈసీయూకే పోతాయి, అప్పుడు 12 వోల్టులు కనబడలేదని కంగారుపడకండి. వైరింగ్ బొమ్మ చూసి ఒక్కో వైరు కంటిన్యుటీ పరీక్షించండి.

కనెక్టర్ తీసి తాళం వేస్తే పీ0010 కొత్తగా పడవచ్చు. అది మీ పరీక్ష వల్ల వచ్చిందే, చివర్లో చెరిపేయండి.

6. వాల్వును బయటికి తీసి చూడటం

ఒక్క 10 నంబర్ బోల్టు తీస్తే చాలా ఇంజన్లలో ఓసీవీ బయటికి వస్తుంది. విప్పేముందు చుట్టుపక్కల దుమ్మంతా తుడవండి, ఒక్క ఇసుక రేణువు లోపల పడినా కొత్త కోడ్ తెచ్చుకున్నట్టే. మెలితిప్పుతూ మెల్లగా లాగండి. స్క్రూడ్రైవర్ పెట్టి ఎగదన్నితే దాని గొంతు వంగుతుంది.

వాల్వు మీద గానీ, హెడ్‌లో దాని దారిలో విడిగా గానీ సన్నని జల్లెడ ఉంటుంది. భూతద్దం పెట్టి చూడాల్సింది దాన్నే.

కిందటేడు విజయవాడలో మా బావగారి కారుకు ఇదే జరిగింది. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని ఆగితే స్టీరింగ్ వణికేది, రెండుసార్లు ఆగిపోయింది కూడా. ఒకచోట చూపిస్తే చైన్ కిట్ మార్చాలన్నారు. బావగారికి ఒకటే టెన్షన్. నేను ఓసీవీ తీసి తెల్ల గుడ్డ మీద పెట్టాను. జల్లెడకు అడ్డంగా బియ్యపు గింజ పొడవున బూడిదరంగు రబ్బరు ముక్క ఒకటి అతుక్కుని ఉంది. గోటితో నొక్కితే మెత్తగా సాగింది. అది సిలికాన్. ఆరు నెలల కింద సంప్ లీకు ఆపడానికి పూసిన గమ్ము లోపలివైపు పొంగి, ఆరి, తెగి ఆయిల్‌తోపాటు ప్రయాణించి అక్కడికి చేరింది. దాన్ని తీసి, వాల్వు కడిగి, ఓ-రింగ్, గమ్ము కలిపి రెండున్నర వందల రూపాయల సామానుతో వాల్వు, సంప్ మళ్లీ శుభ్రంగా బిగించాం. చైన్ ఇప్పటికీ పాతదే. "ఆ మధ్య ఇంజన్ విప్పారా?" అని 3వ అంచెలో అడగమన్నది ఇందుకే.

శుభ్రం చేసే వరుస:

- జల్లెడ మీద బ్రేక్ క్లీనర్ కొట్టండి. సూదితో, ఐరన్ బ్రష్‌తో గీకవద్దు.
- వాల్వు చివరి రంధ్రాల్లోంచి స్ప్రే కొట్టి, తల కిందులుగా పట్టుకుని కారనివ్వండి.
- ఫ్యూజు ఉన్న జంపర్ వైర్లతో 12 వోల్టులు ఒక్క సెకను ఇచ్చి తీసేయండి. లోపలి స్పూల్ (ఆయిల్ దారి మార్చే కడ్డీ) టక్కుమని కదలాలి, తీయగానే టక్కుమని వెనక్కి రావాలి. స్ప్రే పూర్తిగా ఆరాకే ఈ పని చేయండి, నిప్పురవ్వ చాలు అంటుకోవడానికి.
- పదిసార్లు చేయండి. ఒక్కసారైనా మధ్యలో ఆగితే ఆ వాల్వు మార్చాల్సిందే.
- కొత్త ఓ-రింగ్‌కు ఇంజన్ ఆయిల్ రాసి వాల్వు బిగించండి. ఈ చిన్న బోల్టుకు సాధారణంగా 10 న్యూటన్-మీటర్ల దగ్గరే చాలు. అల్యూమినియం హెడ్, బలం పెడితే మర పోతుంది.

ఇన్‌టేక్‌కూ ఎగ్జాస్ట్‌కూ వాల్వులు ఉన్న ఇంజన్‌లో రెండిటి పార్ట్ నంబర్ ఒకటే అయితే అటుదిటు మార్చి తిప్పి చూడండి. పీ0011 పోయి పీ0014 వస్తే దొంగ దొరికినట్టే. నంబర్లు వేరైతే మాత్రం మార్చకండి.

7. నడుస్తున్న ఇంజన్ మీద పరీక్ష

ఇంజన్ పూర్తిగా వేడెక్కనివ్వండి. ఐడిలింగ్‌లో ఉండగా ఓసీవీ కనెక్టర్ తీసి, వాల్వు పిన్నులకు జంపర్ వైర్లతో 12 వోల్టులు రెండు సెకన్లు ఇవ్వండి. ఈసీయూ వైపు కనెక్టర్‌కు పొరపాటున కూడా ఇవ్వకండి.

ఇంజన్ బాగా వణికినా, ఆగిపోయినా మంచిదే. వాల్వు కదిలింది, ఆయిల్ చేరింది, ఫేజర్ తిరిగింది. ఏమీ మారకపోతే ఆ మూడింటిలో ఒకటి ఆగిపోయి ఉంది. వాల్వు బాగుందని ముందే చూశాం కాబట్టి ఆయిల్ దారి లేదా ఫేజర్. క్యామ్‌ను ఎలక్ట్రిక్ మోటారుతో తిప్పే ఇంజన్లకు ఈ పరీక్ష పనికిరాదు.

ఇప్పుడు కనెక్టర్ పెట్టి, కోడ్ చెరిపి, లైవ్ డేటాలో మూడు అంకెలు పక్కపక్కన పెట్టండి: అడిగిన కోణం, వచ్చిన కోణం, ఓసీవీ డ్యూటీ శాతం (వాల్వుకు ఎంత శాతం సేపు కరెంటు ఇస్తోందో). ఒకరు బండి నడుపుతుంటే ఇంకొకరు చూడాలి, నడిపేవాళ్లు ఫోన్ వైపు చూడొద్దు.

- అడిగినదీ వచ్చినదీ ఒకటి రెండు డిగ్రీల తేడాతో జంటగా కదులుతున్నాయి: ఇప్పటికి బాగుంది. తప్పు వచ్చి పోయే రకం, వైరు కదిలిస్తూ మళ్లీ చూడండి.
- ఐడిలింగ్‌లో సున్నా అడిగినా 15, 20 డిగ్రీల దగ్గరే ఉండిపోయింది: వాల్వులో చెత్త ఇరుక్కుంది, లేదా ఫేజర్ వెనక్కి రావడం లేదు.
- డ్యూటీ పెరుగుతోంది, కోణం కదలదు: ఆయిల్ చేరడం లేదు, లేదా ఫేజర్ బిగుసుకుంది.
- కదులుతుంది గానీ నెమ్మదిగా, అదీ వేడిలోనే: ప్రెషర్ తక్కువ, లేదా ఫేజర్ లోపల అరిగి ఆయిల్ జారిపోతోంది.
- ఓసీవీ కనెక్టర్ పీకేసినా కోణం ఎప్పుడూ అదే 7, 8 డిగ్రీల తేడా చూపిస్తోంది: ఇప్పుడు చైన్‌ను అనుమానించండి. పక్కన పీ0016 ఉంటే అనుమానం బలపడుతుంది.

8. ఆయిల్ ప్రెషర్

డ్యాష్‌బోర్డులో ఎర్ర ఆయిల్ లైటు వెలగడం లేదంటే ప్రెషర్ బాగున్నట్టు కాదు. అది బాగా పడిపోతేనే వెలుగుతుంది.

ప్రెషర్ స్విచ్ తీసి ఆ మరలో గేజ్ బిగించండి. టయోటా 1జెడ్‌జెడ్‌కు వేడి మీద ఐడిలింగ్‌లో చదరపు సెంటీమీటరుకు కనీసం 0.3 కిలోలు, 3,000 ఆర్‌పీఎం దగ్గర 3 నుంచి 5.5 కిలోల ప్రెషర్ ఉండాలి. మీ ఇంజన్ అంకె వేరే ఉండవచ్చు, మాన్యువల్ చూడండి. తక్కువొస్తే సంప్ జల్లెడ, పంపు, బేరింగులు చూడాలి. అప్పుడు ఫేజర్ మార్చినా కోడ్ తిరిగొస్తుంది.

9. చివరగా చైన్

వాల్వ్ కవర్ తీసి, స్పార్క్ ప్లగ్గులు విప్పి, క్రాంక్ బోల్టుకు స్పానర్ పెట్టి ఇంజన్ తిరిగే దిశలోనే చేత్తో రెండు చుట్లు తిప్పండి. వెనక్కి తిప్పకండి, టెన్షనర్ వైపు చైన్ వదులై పన్ను జారవచ్చు. మొదటి సిలిండర్ టీడీసీకి (పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటికి) రాగానే పుల్లీ గుర్తు, క్యామ్ చక్రాల గుర్తులు సరిపోయాయా చూడండి.

రంగు లింకులు గుర్తులకు ఎదురుగా లేవని చాలామంది చైన్ జారిందనుకుంటారు. ఆ లింకులు బిగించేటప్పుడు మాత్రమే పనికొస్తాయి. ఇంజన్ రెండు చుట్లు తిరిగితే అవి ఎక్కడికో పోతాయి. చూడాల్సినవి చక్రాల మీద గుర్తులే.

గుర్తులు తప్పితే, టెన్షనర్ కడ్డీ దాదాపు పూర్తిగా బయటికొచ్చి ఉంటే, గైడ్ల ప్లాస్టిక్ అరిగి ఉంటే చైన్, టెన్షనర్, గైడ్లు కలిపే మార్చండి. చైన్ ఒక్కటే మార్చి పాత టెన్షనర్ ఉంచడం దండగ. కవర్ ఎలాగూ విప్పారు కాబట్టి ఫేజర్‌ను కూడా చేత్తో కదిపి చూడండి. లాక్ పిన్ను పడిన స్థితిలో టకటక ఆడుతుంటే దాన్నీ మార్చాలి. పొద్దున్నే వచ్చే గరగరకు అదే కారణం కావచ్చు.

మూసేటప్పుడు గమ్ము సన్నని గీతలా పూయండి. బావగారి కారు గుర్తుంచుకోండి.

10. డబ్బు వృథా అయ్యే చోట్లు

- పీ0011 చూసి క్యామ్ సెన్సార్ మార్చడం. సెన్సార్ పోతే దాని కోడ్ విడిగా వస్తుంది.
- పార్ట్ నంబర్ చూడకుండా చవక ఓసీవీ వేయడం. బయటికి ఒకేలా ఉన్నా లోపలి స్పూల్ కొలతలు వేరు కావచ్చు. అటువంటిది వేశాక కోడ్ పోకపోతే, అసలు తప్పు ఎక్కడుందో మీకే అర్థం కాకుండా పోతుంది.
- ఒకేరోజు ఆయిల్, వాల్వు, సెన్సార్ మూడూ మార్చడం. ఏది పనిచేసిందో తెలియదు.
- కోడ్ చెరిపి, లైటు రాలేదని కారు ఇచ్చేయడం.

11. కారు ఇచ్చే ముందు

చాలా కార్లలో ఈ తప్పు వరుసగా రెండు ట్రిప్పుల్లో కనబడితేనే లైటు వెలుగుతుంది. అందుకే లైటు లేదని సంతోషపడకుండా ఇలా తిప్పండి:

- రాత్రంతా చల్లారిన ఇంజన్ స్టార్ట్ చేసి శబ్దం వినండి.
- పూర్తిగా వేడెక్కాక ఏసీ వేసి 2 నిమిషాలు ఐడిలింగ్.
- 40 నుంచి 60 వేగంలో 10 నిమిషాలు, మధ్యలో నాలుగైదు సార్లు యాక్సిలరేటర్ వదిలి మళ్లీ నొక్కండి.
- ఇంజన్ ఆపి చల్లార్చి ఇదంతా మరోసారి.
- పెండింగ్ కోడ్‌లు చూడండి. ఓసీవీ చుట్టూ ఆయిల్ తడి ఉందేమో వేలు పెట్టి చూడండి. డిప్‌స్టిక్ మరోసారి తీయండి.

రెండు ట్రిప్పుల తర్వాతా పెండింగ్‌లో ఏమీ లేకపోతే తాళం ఓనర్ చేతిలో పెట్టండి. పోసిన ఆయిల్ గ్రేడ్, తేదీ, కిలోమీటర్ల అంకె ఒక చీటీ మీద రాసి బానెట్ లోపల అతికించండి. తర్వాత ఆ కారు ఏ షెడ్డుకు వెళ్లినా మొదట అడగాల్సిన ప్రశ్నకు జవాబు అక్కడే దొరుకుతుంది.